చార్లెస్ ఫ్రాంక్లిన్ కెట్టరింగు: మోటారుకారునకు సెల్ఫ్ స్టార్టరు నమర్చిన శాస్త్రజ్ఞుడు

ఇప్పుడు మోటారుకారు నడుపువాడు లోపల కూర్చుండి తాళపుచెవి త్రిప్పును, లేదా ఒక మీట నొక్కును. ఇంజను తనంత తాను మేల్కొనును. 1912 వ సంవత్సరమునకు పూర్వ మీ సౌకర్యము సామాన్యముగా లేదు. కారు నడుపగోరువాడు బండి ముందునకు వచ్చి, వంకరగా వంచిన యినుప హాండిలును ఇంజనులోనికి జొనిపి, నడుము వంచి, దేహబలమంతయు నుపయోగించి త్రిప్పవలసియుండెను. ఎండకాలమున నైదాఱు త్రిప్పులతో పని జరిగెడిది. చలికాలమున, అందును మంచు గురియు దేశములలో, అది యొక యుద్ధమే. చలికి ఇంజను ఆయిలు తేనెవలె చిక్కబడి లోపలి భాగములను పట్టియుంచును. పెట్రోలు ఆవిరి కాక ద్రవరూపముననే గోడల కంటుకొనును. ఆవిరి లేనిచో నిప్పురవ్వ పడినను మంట పుట్టదు. కావున గంటసేపు త్రిప్పినను ఇంజను పలుకకుండుటయు గలదు. పలికినప్పుడు మనుష్యుని కొట్టుటయు గలదు.

కొట్టుట యన్నది యలంకారము గాదు. పిస్టను పైకొనకు చేరకముందే నిప్పురవ్వ పడెనేని మంట దానిని వెనుకకు త్రోయును. అంతట హాండిలు విపరీతదిశను గిఱ్ఱున తిరిగి త్రిప్పువాని మణికట్టునో, ముంజేతినో, దవుడనో తాకును. అందుచేత ఆ కాలపు డ్రైవర్లు స్పార్కు మీటను ముందుగా ఆలస్యపు స్థానమునకు జరుపవలెననియు, హాండిలును పట్టునపుడు బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ళ వైపుననే యుంచవలెననియు నేర్చుకొనెడివారు. మఱచినవాని చేయి విఱిగెడిది. మణికట్టువద్ద నిట్లు విఱుగు ఎముకవిఱుపునకు వైద్యులు మోటారు నడుపువారి పేరే పెట్టిరనిన, అట్టి యపాయము లెంత తఱచుగా జరిగెడివో చదువరు లూహింపవచ్చును.

ఈ బాధను లోకమునకు తప్పించినవారిలో ముఖ్యుడు చార్లెస్ ఫ్రాంక్లిన్ కెట్టరింగు. ఇతని చరిత్రము నిచ్చట సంగ్రహముగా చెప్పెదము. ఇతడు చేసిన మేలుతోపాటు, ఇతని పూనికవలన లోకమునకు గలిగిన కీడును గూడ దాచక చెప్పుట న్యాయమని మా యభిప్రాయము.

కెట్టరింగు 1876 వ సంవత్సరము ఆగస్టు 29 వ తేదీని అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఒహాయో రాష్ట్రమున, లౌడన్‌విల్ అను చిన్న యూరికి సమీపమున, నొక వ్యవసాయకుటుంబమున జన్మించెను. బాల్యమునుండియు నితనికి దృష్టిమాంద్యము. కొంతసేపు పుస్తకము చూచినంతనే తలనొప్పి వచ్చెడిది. ఐనను చదువుపై ప్రీతి మెండు. ఉన్నత పాఠశాల విడిచిన పిదప గ్రామ పాఠశాలలలో నుపాధ్యాయుడుగా పనిచేసెను. పగలు పాఠములు చెప్పి, సాయంకాలమున బాలురను చేరదీసి విద్యుత్తు, ఉష్ణము, అయస్కాంతము మొదలగువానిని ప్రత్యక్షముగా చేసి చూపుట యితని కలవాటు. బల్లమీద నుంచి చూపదగినదానిని నోటితో వర్ణించుట కాలహరణమని యితడు నాటినుండియు నమ్మియుండెను. ఈ మాట మన పాఠశాలలలో నిప్పటికిని వినదగినదే.

తరువాత వూస్టరు కళాశాలలోను, పిదప ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమునను చేరెను. కండ్లు సహకరింపలేదు. నడుమ చదువు మానుకొని, టెలిఫోను స్తంభములు పాతి తీగలు లాగు కూలీల ముఠాకు మేస్త్రీగా కుదిరెను. మొదట కొంతకాలము మిక్కిలి దిగులుతో నుండెనట. కాని ఆ పనియందే యితనికి విద్యుత్తుతో చేతిపరిచయము గలిగెను. గోతులు త్రవ్వుచు, తీగలు కలుపుచు నేర్చినది పుస్తకములలో లేని విద్య. కొన్నాళ్ళకు మఱల విశ్వవిద్యాలయమున చేరెను. గదిలోని స్నేహితులు పాఠములు చదివి వినిపింప, విని ధారణ చేసి, 1904 లో విద్యుదింజనీరుగా పట్టము పొందెను. అప్పటి కితనికి ఇరువదియేడేండ్లు. తోడివారనేకు లంతకు ముందే యుద్యోగములలో స్థిరపడియుండిరి.

పట్టము పొందిన యేడే డేటను పట్టణమున నేషనల్ క్యాష్ రిజిస్టరు కంపెనీలో నుద్యోగము దొరకెను. దుకాణములలో అమ్మకపు సొమ్మును లెక్కించి గంట మ్రోగించు పెట్టెలను చేయు సంస్థ యది. ఆ పెట్టెను అప్పటివఱకు చేతితో మీట లాగి నడపెడివారు. దానికి విద్యుత్తు మోటారు నమర్చుమని కెట్టరింగున కాజ్ఞయయ్యెను. ఇచ్చట నొక చిక్కు గలదు. మీటను లాగుట కొక క్షణకాలము గొప్ప బలము కావలయును. ఆ బలమును నిరంతరము నీయగల మోటారైనచో పెట్టెకంటె పెద్దదగును. కెట్టరింగు ఇట్లాలోచించెను: ఈ మోటారు దినమెల్ల తిరుగవలసినది కాదు గదా! ఒక క్షణము తిరిగి, పిదప చల్లారుటకు కావలసినంత వ్యవధి దొరకును. కావున చిన్న మోటారుమీదనే దాని తాహతునకు మించిన భారము వేయవచ్చును. వేడెక్కి కాలిపోవులోపల పని ముగియును. ఆ విధముగనే చేసి జయము గాంచెను. ఈ చిన్న యూహయే తరువాత మోటారుకార్ల చరిత్రమును మార్చినది.

1905 లో ఆలివ్ విలియమ్సు అను నామెను వివాహమాడెను. 1908 లో యూజీను అను కుమారుడు పుట్టెను.

ఆ కంపెనీలోనే యెడ్వర్డు డీడ్సు అను నున్నతోద్యోగి యుండెను. మోటారుకార్లనిన ఆయనకు మిక్కిలి మక్కువ. ఆయన యింటి వెనుక నొక కొట్టము గలదు. రాత్రులందును, సెలవుదినములందును కెట్టరింగును, మఱికొందఱు మిత్రులును ఆ కొట్టమున చేరి కార్లకు కావలసిన విద్యుత్పరికరములను గుఱించి ప్రయోగములు చేయ నారంభించిరి. మొట్టమొదట నిప్పురవ్వ పుట్టించు నేర్పాటును బాగుచేసిరి. అంతవఱకు వాడుకలోనున్న చుట్టలు ఎడతెగక కంపించుచు నిప్పురవ్వలను జల్లువలె కురిపించి బాటరీని త్వరగా హరించెడివి; వీరు నిర్మించినది సరియైన క్షణమున నొక్క బలమైన రవ్వను మాత్రమే పుట్టించెను. కాడిలాక్ కార్ల నిర్మాతయైన హెన్రీ లీలాండు దానిని చూచి మెచ్చుకొని తన 1910 నాటి కార్ల కొఱకు వేలకొలదిగా కోరెను. అంతట కెట్టరింగు 1909 లో ఉద్యోగము వదలి, డీడ్సుతో గలసి డేటను ఇంజనీరింగు లాబొరేటరీస్ కంపెనీని స్థాపించెను. ఆ పేరులోని మొదటి యక్షరములే డెల్కో యను ప్రసిద్ధ నామమైనవి.

హాండిలు బాధ లీలాండునకు పరిచితమే. ఆయన మిత్రుడు బైరన్ కార్టరు అనునాతడు దారిలో కారు ఆగిపోయిన యొక స్త్రీకి సహాయము చేయబోయి, హాండిలు తిరిగి కొట్టగా దవుడ విఱిగి, దానివలననే మరణించెననియు, ఆ దుఃఖముచేతనే లీలాండు కెట్టరింగును పిలిపించి హాండిలు లేని కారు కావలెనని కోరెననియు నొక కథ గలదు. అనేక గ్రంథములలో నిది కానవచ్చును. కాని కథను 1910 చలికాలమున జరిగినట్లు చెప్పుదురు. కార్టరు మరణము 1908 లోనిది. కావున నీ కథను కథగానే గ్రహింపవలయును. లీలాండు కోరుట మాత్రము నిజము.

అంతకుముందే పలువు రీ ప్రయత్నము చేసి విఫలులైరి. కొందఱు బిగించిన స్ప్రింగులతోను, కొందఱు కుదించిన గాలితోను ఇంజనును త్రిప్పజూచిరి. విద్యుత్తుతో త్రిప్పుట యసాధ్యమని పెద్ద ఇంజనీర్లు లెక్క వేసి చూపిరి. వారి లెక్కప్రకార మట్టి మోటారును, దాని బాటరీలును కారులో సగము నాక్రమించును. ఆ లెక్క తప్పు గాదు. కాని మోటారు నిరంతరము తిరుగవలెనన్న తలంపే తప్పు. కెట్టరింగునకు క్యాష్ రిజిస్టరు జ్ఞప్తికి వచ్చెను. ఇంజనును కదల్చుటకు కొన్ని క్షణములు చాలును. తరువాత నదే యంత్రమును ఇంజనుచేత త్రిప్పించినచో నది డైనమోయై, ఖర్చయిన విద్యుత్తును బాటరీకి మఱల నింపును. దీపములకును, స్పార్కునకును విద్యుత్తు నిచ్చును. ఒకే యంత్రము మూడు పనులు చేయవలెనని యితని సంకల్పము. బాటరీని నాలుగు భాగములుగా జేసి, కదల్చునపుడు నాలుగింటిని వరుసగా గలిపి 24 వోల్టులును, నింపునపుడు ప్రక్కప్రక్కగా గలిపి 6 వోల్టులును వచ్చునట్లు స్విచ్చి నమర్చెను. చిన్న మోటారు బలమును హెచ్చించుటకు పండ్లచక్రముల ద్వారమున ఫ్లైవీలును త్రిప్పించెను.

1910 చివరను కొట్టములో యంత్రము మొదటిసారి ఇంజనును కదల్చెను. 1911 ఫిబ్రవరిలో కారు డెట్రాయిటునకు పంపబడెను. 1912 నాటి కాడిలాక్ కార్లలో నిది చేర్పబడి యమ్మకమునకు వచ్చెను. ఇంగ్లండులో మోటారు నిర్మాణమున శ్రేష్ఠులకిచ్చు డ్యూవర్ ట్రోఫీ దీనికిగాను కాడిలాక్ కంపెనీకి లభించెను. కెట్టరింగు 1911 లో కోరిన పేటెంటు 1915 లో మంజూరయ్యెను. చవుకకార్లలో ప్రసిద్ధమైన ఫోర్డు మోడల్ టి కి గూడ 1919 నుండి సెల్ఫ్ స్టార్టరు దొరకసాగెను. నేటికిని మన డ్రైవర్లు ఆ మోటారును సెల్ఫ్ అనియే పిలుతురు. సెల్ఫ్ కొట్టుట యన్న మాట పల్లెటూరి ట్రాక్టరు తోలువానికి గూడ తెలియును. ఆ మాట పుట్టిన కొట్టము డేటనులోనిదని తెలిసినవారు కొలదిమంది.

దీని ఫలిత మూహకు మించినది. బాహుబలము లేని వృద్ధులును, స్త్రీలును ఒంటరిగా కారు నడుపగలిగిరి. అంతకుముందు పట్టణములలోని సంపన్న స్త్రీలు, హాండిలు బాధ లేదను కారణముచేతనే, బాటరీతో నడచు విద్యుత్కార్ల నిష్టపడెడివారు. పెట్రోలు కారునకు సెల్ఫ్ వచ్చుటతో విద్యుత్కార్ల కున్న ముఖ్యమైన గొప్పదనము పోయెను. కొన్నేండ్లలో నవి యంతరించెను. ఒక విద్యుత్తు మోటారే విద్యుత్కారును చంపినదన్నమాట! నూఱేండ్లకు అవి మఱల మన వీథులలోనికి వచ్చుట చూచుచున్నాము.

ఇచ్చట నొక స్వానుభవము చెప్పుటకు చదువరులు సెలవిత్తురుగాక. మదనపల్లె ప్రాంతమున మా పెదతండ్రిగారికొక అంబాసిడరు కారుండెను. దాని పెట్రోలు ఇంజను అరిగిపోగా, ఆ రోజులలో పలువురు చేసినట్లే, దానిని తీయించి డీజిలు ఇంజను నెక్కించిరి. మధ్యాహ్నమున నది యొక్క తాకుడుతో కదలెడిది. పుష్యమాసపు వేకువను మాత్రము సెల్ఫ్ రెండుమాఱులు మూలిగి ఊరకుండెడిది, నలుగురు త్రోయవలెను. క్రొత్త బాటరీ కొనిరి, గుణము లేదు. సెల్ఫ్ మోటారు విప్పి తీగ చుట్టించిరి. అప్పుడును గుణము లేదు. తుదకు బస్సుల పని చేసి విశ్రాంతి గైకొన్న యొక వృద్ధ మెకానిక్కు వచ్చి, వోల్టుమీటరు తీగ యొకటి బాటరీ ఋణధ్రువమునకును, మఱియొకటి ఇంజను శరీరమునకును తగిలించి, సెల్ఫ్ కొట్టుమని పెదతండ్రిగారికి చెప్పెను. ముల్లు ఒక వోల్టును దాటెను. అర వోల్టుకంటె హెచ్చినచో ఎర్తు చెడినదని గుర్తట.

సంగతి యేమనగా, ఇంజను రబ్బరు దిండ్లమీద కూర్చుండును. రబ్బరు విద్యుత్తును పోనీయదు. కావున సెల్ఫ్ మోటారులోనికి బోయిన విద్యుత్తు మఱల బాటరీని చేరుటకు ఇంజనునుండి చాసిస్‌కు నొక ఎర్తు తీగ యుండవలయును. పాత పెట్రోలు ఇంజనునకు వేసిన సన్నని తీగనే క్రొత్తదానికిని, పెయింటుమీదనే, బిగించి విడిచిరి. పెట్రోలు ఇంజను గాలిని సుమారు ఎనిమిదవ వంతునకు కుదించును. డీజిలు ఇంజను ఇరువదవ వంతునకు దగ్గఱగా కుదించును. అట్టిదానిని త్రిప్పుటకు హెచ్చు విద్యుత్తు కావలెను. ఆ దారి యిఱుకు. పెయింటు గీకి, బొటనవ్రేలంత లావైన రాగి తీగ వేయగా సెల్ఫ్ వడి పెరిగెను గాని ఇంజను వెంటనే యందుకొనలేదు. మఱల వెదకగా హీటర్ ప్లగ్గులకు పోవలసిన తీగ యసలు కలుపబడనే లేదని తేలెను. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ లేదు. కుదించిన గాలి వేడియే చమురును మండించును. చల్లని యినుము ఆ వేడిని గ్రహించివేయును గనుక ముందుగా ప్లగ్గులచేత లోపల వెచ్చచేయవలయును. మధ్యాహ్నమున ఇంజనే వెచ్చగా నుండుటచేత ఈ లోపము బయటపడలేదు. తీగ కలిపి, ఇరువది లెక్కపెట్టి సెల్ఫ్ కొట్టగా మఱునాటి వేకువను కారు మొదటి తాకుడునకే పలికెను. ఇంజను మార్చినపుడు దానికి సరిపడు బాటరీ, తీగ, మోటారు, వెచ్చచేయు సాధనము అన్నియు దానితోపాటు మారవలెను. కెట్టరింగు కొట్టమున కూర్చుండి చేసిన లెక్క యేదో యొక ఇంజనునకు చేసినదే గాని ప్రతి యింజనునకును గాదు.

ఈ పాఠమును కెట్టరింగే కష్టపడి నేర్చుకొనెను. డెల్కో కంపెనీ 1916 లో యునైటెడ్ మోటార్స్ అను సంస్థకు అమ్ముడుపోయెను. ఆ సంస్థ 1918 లో జనరల్ మోటార్స్‌లో కలిసెను. 1920 నుండి 1947 వఱకు కెట్టరింగు జనరల్ మోటార్స్ పరిశోధనశాల కధిపతి. అచ్చట మొదట చేపట్టిన గొప్ప కార్యము నీరు లేని ఇంజను. చలిదేశములలో రేడియేటరులోని నీరు రాత్రి గడ్డకట్టి ఇంజనును పగుల్చును. నీటికి బదులు సిలిండరు చుట్టు రాగి రేకులు అతికి, ఫ్యానుచేత గాలిని పాఱించి చల్లబఱచినచో ఆ భయముండదు. బరువును, ఖర్చును తగ్గును. ఇట్టి ఇంజనును షెవర్లే కారులో నమర్చి 1923 జనవరిలో న్యూయార్కు ప్రదర్శనమున నుంచిరి. చూచినవారందఱు కొనియాడిరి.

పరిశోధనశాలలో చక్కగా నడచిన యా యింజను రోడ్డుమీద నడువలేదు. వేడెక్కినంతనే బలము తగ్గెను. తయారుచేయు కర్మాగారమువారికి దానియందు నమ్మకము లేదు. పరిశోధకులు తమ నమూనాలో నొక మర చీలను గూడ మార్పనీయరని వారి ఫిర్యాదు. తయారైన కార్లు 759. వానిలో నూఱు మాత్రమే కొనుగోలుదారుల చేతికి పోయెను. జూను నెలలో షెవర్లేవారు వానినన్నిటిని వెనుకకు పిలిపించిరి. కెట్టరింగు మనసు విఱిగి, అధ్యక్షుడైన ఆల్‌ఫ్రెడ్ స్లోనునకు రాజీనామా తలంపు తెలుపుచు నుత్తరము వ్రాసెను. స్లోను దాని నంగీకరింపక, ఇతనిని బుజ్జగించి నిలుపుకొనెను. ఆ యింజనునకు లోపము తనదా, కర్మాగారముదా యన్న వివాద మిప్పటికిని చరిత్రకారులలో గలదు. రెండు ప్రక్కలను తప్పున్నదని మాకు తోచుచున్నది.

ఇక నింతకంటె గంభీరమైన విషయము. ఇంజనుమీద భారము పడినపుడు లోపల సుత్తితో కొట్టినట్లు శబ్దము వచ్చుట గలదు. దానిని మన మెకానిక్కులు నాకింగు అందురు. కెట్టరింగు నిర్మించిన బాటరీ స్పార్కే దీనికి కారణమని కొందఱు నిందించిరి. ఆ నింద బాపుకొనుటకు 1916 లో థామస్ మిడ్‌గ్లీ అను యువకుని పరిశోధనకు నియోగించెను. మంచులోనే పూయు నొక పూలతీగ యాకుల వెనుకభాగ మెఱ్ఱగా నుండుట కెట్టరింగునకు తెలియును. ఎఱ్ఱరంగు వేడిని త్వరగా గ్రహించునేమో, చమురునకు ఎఱ్ఱరంగు వేసినచో త్వరగా ఆవిరియగునేమో యని యితని యూహ. పరిశోధనశాలలో చమురున కరగు నెఱ్ఱరంగు లేకపోవుటచే మిడ్‌గ్లీ అయొడిను కలిపెను. నాకింగు తగ్గెను! కాని నిజమైన ఎఱ్ఱరంగులు తెప్పించి కలుపగా నేమియు తగ్గలేదు. పని చేసినది రంగు గాదు, అయొడిను. తప్పు దారిన బోయి సరియైన యూరు చేరుట యన నిదియే. తరువాత నెన్నో పదార్థములను పరీక్షించి, 1921 డిసెంబరు 9 వ తేదీని టెట్రాఇథైల్ లెడ్డు అను సీసపు సమ్మేళనము నాకింగును మిక్కిలి స్వల్పపరిమాణముననే యణచునని కనుగొనిరి. 1923 ఫిబ్రవరిలో డేటనులో నీ సీసము కలిపిన పెట్రోలు అమ్మకమునకు వచ్చెను.

సీసము విషమని రోమకుల కాలమునుండియు నెఱిగినదే. మిడ్‌గ్లీ తానే ఆ విషమువలన జబ్బుపడి 1923 లో కొంతకాలము విశ్రాంతి తీసికొనవలసివచ్చెను. 1924 లో దీని నమ్ముటకేర్పడిన ఇథైల్ కార్పొరేషనుకు కెట్టరింగు మొదటి యధ్యక్షుడయ్యెను. ఆ యేడు అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే కర్మాగారమున దీనిని తయారుచేయు పనివాండ్రలో నైదుగురు మతిభ్రమించి మరణించిరి. ముప్పదిమందికి పైగా ఆసుపత్రి పాలైరి. 1925 మే నెలలో వాషింగ్టనులో ప్రభుత్వమువారు సభ కూర్చిరి. వైద్యురాలు ఆలిస్ హామిల్టన్ మొదలగువారు వీథివీథిని సీసము వెదజల్లుట ప్రజారోగ్యమునకు హానియని వాదించిరి. కెట్టరింగు కంపెనీ పక్షమున మాటలాడెను. పెట్రోలులో ఆల్కహాలు కలిపినను నాకింగు తగ్గునని వా రెఱిగియుండియు నా దారిని బోలేదు. 1926 లో అమ్మకమున కనుమతి లభించెను.

దాని ఫలితము లోకమంతయు అనుభవించెను. 1965 లో క్లేర్ ప్యాటర్సను అను శాస్త్రజ్ఞుడు మనుష్యశరీరమున సీస మెంత పెరిగినదో ప్రకటించెను. పసిపిల్లల బుద్ధివికాసమున కది శత్రువని పిమ్మట స్థిరపడెను. మనదేశమున 2000 సంవత్సరమున సీసము కలిపిన పెట్రోలు నిలిపివేయబడెను. అన్నిటికంటె చివర 2021 లో అల్జీరియా దేశమున నిలిచెను. చేతులు విఱుగకుండ కాపాడినవాడే పసివాండ్ర మెదళ్ళకు సీసము పంపుటకు దోహద మొనర్చెననుట యెంత విషాదకరము! ఆనాటి కంతటి హాని యితనికి తెలియదని కొంద ఱనుకొందురు. పూర్తిగా తెలియదనుట నిజమే. కాని చెప్పినవారు లేకపోలేదు, చచ్చినవారును లేకపోలేదు. ఇతని జీవితచరిత్రములు పెక్కింటిలో నీ భాగము రెండు పంక్తులతో ముగియుట మేము చూచితిమి. దానిని విడిచిపెట్టుటకు మాకు మనసొప్పలేదు.

పిదప కెట్టరింగు దృష్టి డీజిలు ఇంజనుమీదికి మరలెను. ఇతని పడవకు భార్యపేరు కలిసివచ్చునట్లు ఆలివ్ కె. అని పేరు పెట్టెను. దానిలోని డీజిలు ఇంజనుల యిబ్బందులు చూచియే యితనికి వానిని తేలికగా చేయవలెనన్న పట్టుదల గలిగెను. ఆ కాలపు డీజిలు ఇంజనులు మిక్కిలి బరువు. రైలుబండి కెక్కింప వీలుకానివి. జనరల్ మోటార్స్ 1930 లో వింటను ఇంజను కంపెనీని, ఎలెక్ట్రోమోటివ్ కంపెనీని కొనెను. కెట్టరింగును, కుమారుడు యూజీనును, తోడివారును రెండు స్ట్రోకుల తేలిక యింజనును నిర్మించిరి. 1933 లో చికాగో ప్రదర్శనమున రెండిటిని నిలిపిరి. పగలు ప్రజలు చూచి యాశ్చర్యపడుదురు. రాత్రి యంతయు పనివాండ్రు వానిని విప్పి బాగుచేయుదురు!

1934 మే 26 వ తేదీని అట్టి 600 గుఱ్ఱపుశక్తి గల ఇంజనుతో పయొనీర్ జెఫైర్ అను రైలు డెన్వరునుండి చికాగోవఱకు 1,015 మైళ్ళు 13 గంటల 5 నిమిషములలో ఎక్కడను నిలువక పోయెను. నిలువక పోయెనన్నంత మాత్రమున నిర్విఘ్నముగా పోయెనని కాదు. దారిలో నొక తీగ తలుపున నలిగి, స్టార్టరు తీగ కాలిపోయి, ఇంజను ఆగిపోయెను. బండి వాలున దొర్లుచునే యుండెను. అంతట నొక పనివాడు తెగిన కొనలను తన చేతులతో గలిపి పట్టుకొనగా ఇంజను మఱల కదలెను. అతని చేతులు కాలెను. హాండిలు పోయినను చేయి పణముపెట్టు పని పూర్తిగా పోలేదన్నమాట. ఆ యింజను వంశమునకు చెందిన రెండు స్ట్రోకుల ఇంజనులే 1999 లో మనదేశమునకు వచ్చిన డబ్ల్యు.డి.జి. 4 రైలు ఇంజనులలో నున్నవి. హుబ్లీ షెడ్డునుండి దక్షిణదేశమున గూడ్సుబండ్లను లాగిన వా ధ్వని గుంతకల్లు ప్రాంతమువారు వినియున్నారు.

కెట్టరింగు ఇతర కృషి కొలదిగా చెప్పి ముగింతుము. త్వరగా ఆఱు కారు రంగు, పల్లెయిండ్లకు విద్యుత్తు నిచ్చు చిన్న యంత్రము, రెఫ్రిజిరేటరులకు ఫ్రియాను వాయువు ఇతని పర్యవేక్షణమున వెలసినవే. ఫ్రియానును గూడ మిడ్‌గ్లీ సిద్ధపఱచెను. అదియు తుదకు ఆకాశమునందలి ఓజోనుపొరకు చేటు తెచ్చినది. సంపాదించిన ధనముతో 1927 లో ఒక ధర్మసంస్థను స్థాపించి, గడ్డి యెట్లు ఎండను ఆహారముగా మార్చుకొనుచున్నదో పరిశోధించుటకు సహాయ మొనర్చెను. స్లోనుతో గలసి యితని పేరు పెట్టిన స్లోన్ కెట్టరింగు సంస్థ 1945 లో న్యూయార్కున కాన్సరు రోగ పరిశోధనకు వెలసెను. మఱుసటి యేడే భార్య ఆలివ్ మరణించెను. 1947 లో పదవీవిరమణము చేసి డేటనుకు చేరెను. ఆ యూరి ప్రక్కనున్న పట్టణమునకు 1955 లో కెట్టరింగు అను పేరే నగరనామముగా స్థిరపడెను. 1958 నవంబరులో, ఎనుబదిరెండవ యేట, ఇతడు డేటనులో కన్నుమూసెను.

1923 లో వెనుకకు పిలిపింపబడిన ఆ రాగి రేకుల షెవర్లే కార్లలో నేడు రెండు మాత్రమే మిగిలియున్నవి. ఒకటి నెవాడా రాష్ట్రమున రీనో నగరపు మోటారు వస్తుప్రదర్శనశాలలో నున్నది. రెండవది మిషిగను రాష్ట్రమున డియర్‌బోర్నులో, హెన్రీ ఫోర్డు స్థాపించిన వస్తుప్రదర్శనశాలలో నున్నది.